కొండదారి లెక్క వేరు

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు ఎక్కి, అక్కడి నుంచి పాడేరు, చింతపల్లి, లంబసింగి చుట్టి, నర్సీపట్నం వైపు దిగి మళ్ళీ విశాఖ చేరే దారి సుమారు 330 కిలోమీటర్లు ఉంటుంది. దాదాపు అంతే దూరమున్న విజయవాడకు జాతీయ రహదారి మీద కారు ఆరేడు గంటల్లో చేరుకుంటుంది. మన్యం చుట్టూ తిరిగే కారు మాత్రం పొద్దు పొడవకముందే బయలుదేరినా, దారిలో టీ తాగడానికీ అన్నం తినడానికీ తప్ప ఎక్కడా ఆగకపోయినా, చీకటిపడే వేళకు గానీ మైదానం మీదికి దిగదు. రోడ్డు బాగుండకపోవడమే దీనికి కారణమని ప్రయాణికులు విసుక్కుంటారు గానీ అది కొంతవరకే నిజం. మైదానంలో ప్రయాణాన్ని దూరం శాసిస్తే కొండల్లో ఎత్తు శాసిస్తుంది. రోడ్డు వేసిన ఇంజనీరు, దాని మీద బండి నడిపే డ్రైవరు, పక్కన తోట పెంచే రైతు, పైనుంచి కురిసే వాన, అందరూ ఆ ఎత్తు చెప్పినట్టు వినవలసిందే.

తూర్పు కనుమలు పడమటి కనుమల్లా ఎడతెగని గోడ కావు. మహానది, గోదావరి, కృష్ణ వంటి నదులు కోసుకుంటూ సముద్రానికి పోగా మిగిలిన తునకల వరుస అవి. ఆ వరుసలో బాగా ఎత్తైన భాగం ఉత్తరాంధ్రకూ దక్షిణ ఒడిశాకూ నడుమ ఉంది. అక్కడి కొన్ని శిఖరాలు 1,600 మీటర్లు దాటుతాయి. ఈ కొండల రాతిలో ప్రధానమైనది ఖొండలైట్, అంటే ఒకప్పటి బురద, ఇసుక పొరలు భూగర్భంలో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై రూపం మారగా ఏర్పడిన శిల. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ కొండల్లో నివసించే ఖోండు ఆదివాసుల పేరు మీదుగా దానికి ఆ పేరు పెట్టాడు. పచ్చి రాయిగా ఉన్నప్పుడు గట్టిగానే ఉండే ఖొండలైట్ గాలికీ నీటికీ నానినకొద్దీ గుల్లబారి, ఎర్రమట్టిగా మారుతుంది. ఘాట్ రోడ్డు కోసం కొండను తొలిచిన ప్రతిచోటా ఆ ఎర్రని కోత కనిపిస్తుంది, భారీ వాన పడినప్పుడు రోడ్డు మీదికి జారేదీ చాలా వరకు అదే మట్టి.

శృంగవరపుకోట దాటి, విజయనగరం రోడ్డు వచ్చి కలిసే బౌడార తరువాత అసలైన ఎక్కుడు మొదలవుతుంది. ఎంత వాలుతో రోడ్డు ఎక్కించవచ్చునన్నది ఇంజనీరు ఇష్టం కాదు. రోడ్ల నిర్మాణ ప్రమాణాలను నిర్దేశించడానికి 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం పర్వత ప్రాంతాల్లో రోడ్డు సాధారణంగా 20 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు మాత్రమే ఎక్కాలి. దీన్ని ఐదు శాతం వాలు అంటారు. చోటు చాలనప్పుడు ఆరు శాతం దాకా, మరీ తప్పనిచోట కొద్ది దూరం మాత్రం ఏడు శాతం దాకా అనుమతిస్తారు. ఈ చిన్న అంకెలో పెద్ద పర్యవసానం దాగి ఉంది: సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న ఊరి నుంచి 1,000 మీటర్ల ఎత్తున్న కనుమకు చేరాలంటే, ఆ కనుమ గద్ద ఎగిరే దారిలో ఐదారు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా సరే, రోడ్డు 20 కిలోమీటర్లకు తగ్గకుండా పొడవు సాగాలి. అంత పొడవును ఒక్క కొండ వాలు మీద ఇమడ్చడానికే మెలికలు తిప్పుతారు. కాబట్టి మలుపులు కొండకు భయపడి తప్పుకున్న చోట్లు కావు. ఎత్తును వాయిదాల మీద చెల్లించే ఏర్పాటు అవి.

ఆ మలుపుల్లో కష్టమైనది హెయిర్‌పిన్, అంటే రోడ్డు వచ్చిన వైపుకే దాదాపు పూర్తిగా వెనక్కి తిరిగే మలుపు. ఇక్కడ గంటకు 20 కిలోమీటర్ల వేగాన్ని దృష్టిలో పెట్టుకుని, లోపలి అంచు వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు ఉండేలా, వాలు రెండున్నర శాతం మించకుండా రూపకల్పన చేయాలని ప్రమాణాలు చెబుతాయి. ఎక్కుడు మలుపు దగ్గరికి వచ్చేసరికి కాస్త చదునైనట్టు డ్రైవర్లకు తోచడం భ్రమ కాదు. ముందు చక్రాలు తిరిగి ఉన్నప్పుడు బండిని లాగడానికి ఎక్కువ బలం పడుతుంది గనుక అక్కడ వాలును కావాలనే తగ్గిస్తారు. అదే విధంగా మలుపు బయటి అంచును లోపలి అంచుకన్నా ఎత్తుగా కట్టి, బండి బయటికి విసిరినట్టు కాకుండా చూస్తారు. ఇంత చేసినా పొడవాటి ఆర్టీసీ బస్సు తిరగడానికి రోడ్డు వెడల్పంతా కావలసి వస్తుంది, ఎందుకంటే దాని వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో కాకుండా లోపలి వైపుకు కోసుకుని పోతాయి. పైనుంచి బస్సు తిరుగుతూ కనిపిస్తే కింది కారు మలుపుకు ముందే ఆగిపోవడం మర్యాదే కాదు, మరో దారి లేకపోవడం కూడా. అయితే రోడ్డు ఇరుకై రెండు బండ్లు పట్టని వాలులో నిబంధన దీనికి ఎదురుగా ఉంది: 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ఎక్కే బండికే దారి ఇవ్వాలి, దిగే బండే పక్కకు తప్పుకోవాలి. వాలులో ఆగిన బండిని మళ్ళీ ఎక్కుడుకు కదిలించడం ఎంత కష్టమో, వెనక్కి జారితే ఎంత ప్రమాదమో క్లచ్చి మీద కాలు పెట్టిన ప్రతివారికీ తెలుసు. వారాంతాల్లో ఊళ్ళ నుంచి వచ్చే కార్ల వరుసను చూస్తే మాత్రం ఈ నిబంధన చదివినవారు తక్కువేనని ఒప్పుకోవాలి.

రోడ్డుకు సమాంతరంగా, అక్కడక్కడ దాన్ని దాటుతూ, కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం సాగుతుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన ఈ మార్గానికి, ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ గనుక, రోడ్డంత వాలు ఎక్కే వెసులుబాటు లేదు. రోడ్డు మెలిక తిప్పి గట్టెక్కిన చోట రైలు కొండను తొలుచుకుని పోయింది. అరకు దాకా 58 సొరంగాలు, 84 వంతెనలు రావడానికి కారణం అదే. ఆ దారిలోని శిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు.

అనంతగిరి సమీపించేసరికి కారులోనివారికి మూడు మార్పులు అనుభవంలోకి వస్తాయి. మొదటిది చల్లదనం. సగటున ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి తగ్గుతుంది. విశాఖలో ఉక్కపోసే రోజున కూడా ఇక్కడ కారు అద్దాలు దించుకోవచ్చు. రెండవది చెవులు మూసుకుపోవడం. ఆ ఎత్తుకు గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే పదో వంతు తగ్గిపోతుంది గానీ కర్ణభేరి వెనుక చిక్కుకున్న గాలి పాత ఒత్తిడిలోనే ఉంటుంది. గొంతుకూ చెవికీ మధ్య ఉన్న సన్నని నాళం గుటక వేసినప్పుడు తెరుచుకుంటే రెండు వైపులా సమానమై చెవి విడుస్తుంది. పిల్లలకు చప్పరించడానికి ఏదైనా ఇవ్వమని పెద్దలు చెప్పేది అందుకే. మూడవది వాంతులు. లోచెవిలోని సమతౌల్య అవయవం శరీరం ఊగుతున్నదని చెబుతుంటే, సెల్‌ఫోను మీద నిలిచిన కన్ను ఏమీ కదలడం లేదని చెబుతుంది. ఈ రెండు కబుర్లు పొసగక మెదడు తికమకపడటమే ప్రయాణపు తిప్పుడు. ముందు సీటులో కూర్చుని దూరంగా రోడ్డు మీదే చూపు నిలిపితే అది తగ్గుతుంది. రాబోయే మలుపును ముందుగానే ఊహించి తన శరీరాన్ని సిద్ధం చేసుకునే డ్రైవరుకు ఇది సాధారణంగా రాదు.

వానాకాలంలో ఇక్కడ కమ్ముకునే పొగమంచు నిజానికి మేఘమే. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే తడిగాలి కొండ గోడకు తగిలి పైకి లేచి, చల్లబడి, అందులోని ఆవిరి సన్నని బిందువులుగా మారుతుంది. మైదానంలోనివారికి అది కొండ మీద వాలిన మబ్బు, దానిలో చిక్కుకున్న డ్రైవరుకు ముందున్నది కనిపించని తెల్లని తెర. లైట్లు పెంచితే దారి తేటపడుతుందనుకోవడం సహజమే గానీ జరిగేది దానికి విరుద్ధం: హైబీమ్ కాంతి బిందువుల మీద పడి తిరిగి కళ్ళలోనే కొడుతుంది. లైటు కిందికి దించి, రోడ్డు ఎడమ అంచును పట్టుకుని నెమ్మదిగా పోవడమే పద్ధతి.

అనంతగిరి, సుంకరమెట్ట పరిసరాల్లో రోడ్డుకు ఇరువైపులా కాఫీ తోటలు కనిపిస్తాయి గాని, కొత్తగా చూసేవారు వాటిని అడవి అనుకుని దాటిపోతుంటారు. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని పాకిన మిరియం తీగలు, వాటి నీడన మనిషి ఎత్తు కాఫీ మొక్కలు, ఇలా మూడంతస్తులుగా ఉంటుంది ఆ తోట. 900 మీటర్లు దాటిన ఎత్తులోని చల్లదనం వల్ల అరబికా కాఫీ పండు నిదానంగా పండి, గింజలో రుచినిచ్చే పదార్థాలు కుదురుగా పేరుకుంటాయి. ఈ కాఫీకి 2019లో అరకు వ్యాలీ అరబికా పేరుతో భౌగోళిక గుర్తింపు లభించింది. నవంబరు నుంచి జనవరి దాకా కోత కాలం. ఎర్రబడిన పండ్లను మాత్రమే చేత్తో ఏరి, తొక్క తీసి, కడిగి, పరదాల మీద ఎండబెట్టే పని అప్పుడు రోడ్డు మీదికే కనిపిస్తుంది. అదే కాలంలో అరకు లోయ మెట్ట చేలల్లో వలిసెలు పూస్తాయి. నూనెగింజ పంటైన ఈ పసుపుపచ్చ పూల మధ్య ఫోటోలు దిగడానికి ఇప్పుడు రైతులు కొంత రుసుము తీసుకుంటున్నారు, తొక్కిపోయే చేనుకు పరిహారంగా చూస్తే అది న్యాయమే.

అరకు నుంచి హుకుంపేట మీదుగా పాడేరు వరకు దారి పీఠభూమి మీద సాగుతుంది గనుక ఎక్కుడు దిగుళ్ళు చిన్నవి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరు ముఖ్య పట్టణం. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారిని ఈ ప్రాంతంలో వెడల్పు చేస్తున్నారు. కొండదారిని వెడల్పు చేయడమంటే కొండను మరికొంత తొలవడం, తొలిచిన ప్రతి కోతకూ ఊతం కట్టడం. లోయ వైపున రోడ్డును మోసే గోడ ఒకటి, కొండ వైపున మట్టిని ఆపే గోడ ఒకటి కడతారు. ఆ గోడలను దగ్గరగా చూస్తే వరుసలుగా చిన్న గొట్టాల మూతులు కనిపిస్తాయి. వాన ఆగిన రెండు రోజులకు కూడా వాటిలోంచి బొట్టు బొట్టుగా ఎర్రనీరు కారుతూ, గోడ మీద తుప్పు రంగు చారలు గీస్తుంటుంది. మట్టిలో ఇంకిన నీటికి బయటికి దారి లేకపోతే అది గోడ వెనుక నిలిచి, మట్టి బరువుకు తన ఒత్తిడి కూడా కలిపి గోడను తోసేస్తుంది. గొట్టం మూసుకుపోయిన గోడ, పూడిపోయిన పక్క కాలువ, చెత్త అడ్డుపడిన తూము, కొండరోడ్డుకు ఈ మూడూ గుంతలకన్నా పెద్ద శత్రువులు. కొండరోడ్డు నిర్వహణ అంటే ముందుగా నీటి నిర్వహణ. తారు సంగతి తరువాత.

ఈ రోడ్డు నునుపు చూసి మన్యమంతటికీ దారి వచ్చిందని అనుకుంటే పొరపాటు. ప్రధాన మార్గం నుంచి కొండ మీదికి విడిపోయే కాలిబాటల చివర ఇంకా వాహనం చేరని గూడేలున్నాయి. నొప్పులు పడే గర్భిణిని, జ్వరంతో పడిపోయిన ముసలివారిని కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనుక భుజం మార్చుకుంటూ అంబులెన్సు నిలిచిన చోటికి మోసుకువచ్చే డోలీ మోతల వార్తలు పత్రికల్లో ప్రతి వానాకాలం వస్తూనే ఉన్నాయి. ఎత్తు లెక్క ఇక్కడా పనిచేస్తుంది: పది ఇళ్ళున్న గూడేనికి ఐదు శాతం వాలుతో రోడ్డు వేయాలంటే కాలిబాటకు కొన్ని రెట్ల పొడవు తొలవాలి, అందులో కొంత అటవీ భూమి కావడంతో అనుమతులు కూడా కావాలి. పర్యాటకుడు వ్యూపాయింట్ దగ్గర నిలబడి మెచ్చుకునే లోయలో ఈ లెక్క తేలని ఊళ్ళు కూడా ఉంటాయి.

పాడేరు నుంచి చింతపల్లి మీదుగా లంబసింగి చేరేసరికి చలికాలంలో సాయంత్రానికే చలి పట్టుకుంటుంది. సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తే ఉన్న ఈ చిన్న ఊరు డిసెంబరు, జనవరి రాత్రుల్లో సున్నా డిగ్రీల దరిదాపులకు వెళ్ళడానికి ఎత్తు ఒక్కటే కారణమైతే అరకులోనూ అంతే చలి ఉండాలి. అసలు కారణం నేల వంపులో ఉంది. మబ్బులేని పొడి రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి త్వరగా చల్లారుతుంది. నేలను తాకి ఉన్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, చుట్టూ ఉన్న వాలుల మీదుగా నీటిలా జారి పల్లంలో నిలుస్తుంది. పైన వెచ్చని గాలి, కింద చల్లని గాలి ఉండే ఈ తలకిందుల పొరనే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీదికి తెల్లవారుజామున ఎక్కినవారికి కాళ్ళ కింద సముద్రంలా పరచుకుని కనిపించే మంచు కూడా ఈ విలోమం మూత పెట్టి ఉంచినదే. ఎండ ఎక్కి నేల వేడెక్కగానే ఆ మూత విడిపోతుంది.

లంబసింగి దాటాక నర్సీపట్నం వైపు దిగుడు మొదలవుతుంది. ఎక్కేటప్పుడు ఇంజను కష్టపడుతుంది, దిగేటప్పుడు బ్రేకు కష్టపడుతుంది. మొదటిది శబ్దం చేసి చెబుతుంది, రెండవది చెప్పదు. మనుషులూ సామానూ కలిపి 1,500 కిలోల బరువున్న కారు 900 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 40 లీటర్ల చన్నీళ్ళను మరిగించడానికి సరిపోతుంది. ఆ వేడి మొత్తం బ్రేకు డిస్కుల్లోకే పోతే ప్యాడ్లు పట్టు కోల్పోతాయి, మాడిన వాసన వస్తుంది. కాలక్రమాన గాలిలోని తేమను పీల్చుకున్న పాత బ్రేకు ఆయిలు మరిగి అందులో ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. అందుకే ఘాట్ డ్రైవర్లు గేర్లో దించాలి అంటారు: సెకండ్‌లోనో, వాలు ఎక్కువైతే ఫస్ట్‌లోనో ఉంచితే తిరిగే చక్రాలే ఇంజన్ను తిప్పవలసి వచ్చి, ఆ నిరోధం బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల కోసం మిగులుతుంది. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్లో దించేవారు ఆదా చేసేది చాలా తక్కువ. ఇప్పటి ఇంజన్లు గేర్లో దిగేటప్పుడు ఇంధనాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. విద్యుత్ కార్లయితే దిగుడులోని శక్తిలో కొంత తిరిగి బ్యాటరీకి చేర్చుకుంటాయి, కొండ మీద ఛార్జింగు నింపుకుని బయలుదేరితే మాత్రం ఆ శక్తికి చోటుండదు.

ఈ దిగుడుకు ఒక శతాబ్దం నాటి చరిత్ర ఉంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో పోడు వ్యవసాయానికి కట్టడి వచ్చి, అడవి మీద హక్కు పోయిన మన్యం ప్రజలకు నర్సీపట్నం–లంబసింగి రోడ్డు మరో భారమైంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ రోడ్డు పనికి చుట్టుపక్కల గ్రామాల వారిని బలవంతంగా రప్పించి, కూలి సరిగా ఇవ్వకుండా, ఎదురు చెప్పినవారిని కొట్టించి చాకిరీ చేయించాడు. ముఠా అంటే కొన్ని గ్రామాల సముదాయం, దాని నుంచి శిస్తు వసూలు చేసేవాడు ముఠాదారు. ఆ పదవి పోగొట్టుకున్న గాం గంటం దొర, అతని తమ్ముడు మల్లు దొర వంటివారు బ్రిటిష్ పాలన మీద తిరగబడిన అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులను పట్టుకుపోయారు. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో, ఇరుకుదారిలో ఒకరి వెనుక ఒకరు నడవక తప్పని బలగాన్ని పైనుంచి కాచి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులను కాల్చి చంపారు. ఎత్తు ఎవరిదైతే దారి వారిదన్న సంగతి అంతకన్నా తేటగా మరెక్కడా రుజువు కాలేదు. రాజును 1924 మే 7న కొయ్యూరు దగ్గర చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. మల్లు దొర శిక్ష అనుభవించి బయటపడి, స్వతంత్ర భారతపు మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. బలవంతపు కూలీల చేత తొలిపించిన ఆ వాలు మీదుగానే ఇప్పుడు చింతపల్లి రాజ్‌మా, మిరియాలు, పసుపు నర్సీపట్నానికి దిగుతున్నాయి.

ఒక్కరోజులో ఈ చుట్టు పూర్తి చేయదలచినవారు చాలామంది అరకు వైపు నుంచే ఎక్కుతారు, ఆ ఊరి పేరు ఎక్కువ తెలిసినందువల్ల. దానివల్ల లంబసింగి మంచు కరిగిపోయాక అక్కడికి చేరడం, తెలియని దిగుడును అలసిన కాళ్ళతో చీకట్లో దిగడం, రెండూ ఎదురవుతాయి. వరుస తిప్పి, ముందురోజు రాత్రి నర్సీపట్నంలో బస చేసి, తెల్లవారకముందే లంబసింగి ఎక్కి, మధ్యాహ్నానికి పాడేరు దాటి, పొద్దుండగానే అనంతగిరి ఘాట్ దిగేలా చూసుకోవడం మేలు. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే కొండ నీడ రోడ్డును కప్పేస్తుంది గనుక అరకులో మూడింటికల్లా బయలుదేరాలి. పెట్రోలు చింతపల్లిలోనో పాడేరులోనో నింపుకోవాలి, సెల్‌ఫోను సిగ్నలు మధ్యలో చాలాచోట్ల పోతుంది కాబట్టి మ్యాపును ముందే దించి పెట్టుకోవాలి.